ఎవరి గుంత, ఎవరి చెయ్యి: మలం ఎరువైన చరిత్ర

పొడిమట్టి పాస్టరు

ఇంగ్లండు దక్షిణాన డోర్చెస్టర్ పట్టణాన్ని ఆనుకుని ఫోర్డింగ్టన్ అనే పేదల పేట ఉండేది. 1829 నుంచి అక్కడి చర్చికి పాస్టరుగా ఉన్న హెన్రీ మౌల్, 1849లో ఒకసారి, 1854లో మరోసారి కలరా ఆ పేటలో ప్రాణాలు తీయడం చూశారు. అక్కడి నేల డచీ ఆఫ్ కార్న్‌వాల్ అనే రాచ ఎస్టేటుది. ఆ ఎస్టేటు మండలికి అధ్యక్షుడైన ప్రిన్స్ ఆల్బర్ట్‌కు మౌల్ ఎనిమిది ఉత్తరాలు రాసి, కిక్కిరిసిన ఇళ్ళ గురించి, వాటి మధ్య పేరుకుపోయిన అశుద్ధం గురించి మొరపెట్టుకున్నారు. 1855లో వాటిని అచ్చు వేయించారు.

ఉత్తరాలతో ఊరు మారలేదు. 1859 వేసవిలో ఆయన సొంత ఇంటితో మొదలుపెట్టారు. పెరట్లోని మలగుంత పొరుగువారికి బెడదగా ఉందని గ్రహించి దాన్ని పూడ్పించి, ఇంటిల్లిపాదికీ బకెట్లు పెట్టించారు. వాటిలో పోగైనదాన్ని తోటలో కందకం తవ్వి పాతించేవారు. మూడు నాలుగు వారాల తరువాత అదే చోట తవ్వి చూస్తే మలం ఆనవాలే లేదు, మట్టే ఉంది. ఆ తరువాత కందకం కూడా మానేసి, పాకలో పొడిమట్టితో కలిపి ఆరబెట్టసాగారు. ఒకసారి వాడిన మట్టి ఆరిన తరువాత మళ్ళీ పనికివచ్చింది. అలా ఒకే మట్టిని ఐదుసార్లు వాడి, చివరికి పొలానికి తోలితే పంట బాగా వచ్చింది. 1860లో మౌల్ తన పొడిమట్టి మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నారు. కుర్చీ వంటి పీట, దాని వెనక మెత్తని పొడిమట్టి నింపిన తొట్టి, మీట లాగితే కొలత ప్రకారం మట్టి బకెట్లోకి రాలే ఏర్పాటు. అంతకుమించి అందులో యంత్రం ఏమీ లేదు. ఇంగ్లండులోని పల్లెలకు, సైనిక శిబిరాలకు, ఆ తరువాత భారతదేశంలోని జైళ్ళకు, కంటోన్మెంట్లకు అది చేరింది.

అదే కాలంలో లండన్ మరో దారి పట్టింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు సభ్యులను కూర్చోనివ్వకపోవడంతో, జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో భారీ మురుగు సొరంగాల నిర్మాణం మొదలైంది. మలాన్ని నీటితో కలిపి, కంటికి కనిపించనంత దూరానికి తోసెయ్యడం ఆ పద్ధతి సారం. ప్రపంచంలోని పెద్ద నగరాలు చాలావరకు చివరికి లండన్ దారినే నడిచాయి. మౌల్ దారి ఇంటి పెరళ్ళకూ తోటలకూ పరిమితమైంది.

ఈ రెండు దారుల మధ్య రెండు ప్రశ్నలు ఉన్నాయి. మలం ఎరువుగా ఎలా మారుతుంది? ఆ మార్పు జరిగేదాకా దాన్ని ఎవరి చేతులు మొయ్యాలి? మొదటి ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం సగానికే శాస్త్రం జవాబు చెప్పేసింది. రెండో ప్రశ్న విషయంలో ఒక్కో సమాజం ఒక్కోలా నడిచింది. భారతదేశంలో అది కులంతో ముడిపడింది.

డబ్బిచ్చి కొన్న సరుకు

మౌల్ పేటెంటు తీసుకునేనాటికి తూర్పు ఆసియాలో మలం శతాబ్దాలుగా వ్యాపార సరుకు. పద్దెనిమిదో శతాబ్దంలో పదిలక్షల జనాభా ఉన్న ఎడో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, చుట్టుపక్కల రైతులు కూరగాయలో నగదో తెచ్చి మలం తీసుకుపోయేవారు. అద్దె ఇళ్ళలో పోగైన మలం మీద హక్కు ఇంటి యజమానిది. మంచి తిండి తినే సంపన్నుల ఇళ్ళ సరుకుకు ఎక్కువ ధర పలికేది. పొలం ఉన్నవాడికి అది అవసరం కాబట్టి కొన్నాడు, మోసుకెళ్ళాడు, కుండీల్లో కుళ్ళబెట్టి చల్లాడు.

1909లో అమెరికా నేలల శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ చైనా, కొరియా, జపాన్ దేశాలు తిరిగి అక్కడి సాగును నమోదు చేశారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఆయన, ఆ పుస్తకం పూర్తిగా వెలువడకముందే 1911లో కన్నుమూశారు. భార్య దాన్ని అచ్చు వేయించారు. అదే 'ఫార్మర్స్ ఆఫ్ ఫార్టీ సెంచురీస్'. అందులో ఒక లెక్క ఉంది: 1908లో షాంఘైలోని విదేశీయుల నివాస ప్రాంతం, ఇళ్ళ నుంచి 78,000 టన్నుల మలం తీసుకుపోయే హక్కును ఒక చైనా కాంట్రాక్టరుకు 31,000 డాలర్లకు అమ్మింది. పాశ్చాత్య నగరాలు పారబోయడానికి డబ్బు ఖర్చుపెడుతున్నదాన్ని అక్కడ డబ్బిచ్చి కొంటున్నారన్నది కింగ్‌ను కదిలించిన సంగతి.

అయితే ఆ సరుకు తాజాగానో సగం కుళ్ళో పొలానికి చేరేది. దానితోపాటు ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగులు, విరేచనాల సూక్ష్మజీవులు కూడా చేరేవి. నాలుగువేల ఏళ్ళపాటు నేల సారం నిలబెట్టిన ఆ పద్ధతే జనం కడుపుల్లో నట్టలనూ నిలబెట్టింది. కింగ్ మెచ్చిన పద్ధతిలో సారం నిలుపుకుంటూనే రోగాన్ని ఎలా వదిలించుకోవాలన్నది తేలవలసిన లెక్క.

తోటమాలి డాక్టరు, గాంధీ

ఆ లెక్కను కింగ్ ప్రయాణానికి ముందే పెరటి స్థాయిలో వేసి చూసినవారు జార్జ్ వివియన్ పూర్. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో వైద్యుడైన ఆయన సొంత ఊరు ఆండోవర్. అక్కడ తన తోటకు ఇరుగుపొరుగు కాటేజీలలోని సుమారు వందమంది మలాన్నే ఎరువుగా వాడించి, కూరగాయలూ పండ్లూ పండించారు. 1893లో 'ఎస్సేస్ ఆన్ రూరల్ హైజీన్' రాశారు. ఆయన వాదన క్లుప్తమైనది. మలాన్ని శుద్ధి చేసే జీవులు పైమట్టిలో ఉంటాయి, గాలి తగిలే లోతులోనే ఉంటాయి. లోతుగా పాతితే అవి అక్కడికి చేరవు, కుళ్ళు భూగర్భ జలంలోకి దిగుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల లోపే పాతాలి.

ఆ పుస్తకం చదివినవారిలో గాంధీ ఒకరు. దక్షిణాఫ్రికాలో ఫీనిక్స్ ఆశ్రమం, టాల్‌స్టాయ్ ఫార్మ్ నడిపిన రోజుల నుంచీ ఆయన ఆశ్రమాలలో పాయిఖానా పని అందరిదీ. లోతు తక్కువ కందకాలలో పాతి, పైన మట్టి కప్పి, కొన్నాళ్ళకు ఆ నేలలోనే కూరగాయలు వేయడం ఆశ్రమ నియమాల్లో భాగం. గ్రామ పారిశుద్ధ్యం మీద రాసినప్పుడు గాంధీ డాక్టర్ పూర్ పేరు చెప్పి మరీ ఆ తొమ్మిది, పన్నెండు అంగుళాల లెక్కను ఉదహరించారు. ఒక ఇంగ్లీషు డాక్టరు తోట ప్రయోగం అలా గుజరాత్, వార్ధా ఆశ్రమాల రోజువారీ పని అయింది.

ఇందోర్ గుంత, బెంగళూరు కందకం

కందకం మంచిదే గాని, ఎరువు ఎప్పుడు తయారైందో, రోగకారక క్రిములు చచ్చాయో లేదో అందులో తెలియదు. ఆ కొలత ఇందోర్ నుంచి వచ్చింది.

ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో బీహారులోని పూసాకు వృక్షశాస్త్రజ్ఞుడిగా వచ్చారు. భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రజ్ఞురాలే. ఇద్దరూ కలిసి పనిచేశారు. 1924లో ఇందోర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ మొదలైనప్పుడు హోవర్డ్ దాని బాధ్యత తీసుకున్నారు. పత్తికట్టె, చెరకు ఆకు, కలుపు, పేడ, పశువుల మూత్రం తడిసిన మట్టి, బూడిద: వీటిని ఏ పాళ్ళలో పేరిస్తే ఎంత వేడి పుడుతుంది, ఎప్పుడు తిరగవెయ్యాలి అని సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి కొలిచారు. 1931లో ఇద్దరి పేర్లతో వెలువడిన పుస్తకం 'ది వేస్ట్ ప్రాడక్ట్స్ ఆఫ్ అగ్రికల్చర్' ఆ ఫలితాలను లోకానికి చెప్పింది. ఇందోర్ పద్ధతిలో గుంత లోతు రెండడుగులే. మూడుసార్లు తిరగవేస్తే సుమారు మూడు నెలల్లో ఎరువు సిద్ధం. మొదట్లో కుప్ప వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది.

ఆ వేడి వెనక ఉన్న సూత్రం సులువైనదే. కుప్పలో పనిచేసే సూక్ష్మజీవులకు కర్బనం ఇంధనం, నత్రజని కండ. కర్బనం సుమారు ముప్ఫై పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉంటే అవి చురుగ్గా పెరిగి వేడి పుట్టిస్తాయి. మలమూత్రాలలో నత్రజని మెండు, కర్బనం తక్కువ. అందుకే వాటిని ఒంటరిగా కుప్ప పోస్తే కంపు కొడుతుంది, అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. గడ్డి, ఎండుటాకు, రంపపు పొట్టు కలిపితే రెండూ సమం అవుతాయి. 1934లో ఇందోర్ సంస్థ నుంచే జాక్సన్, వాడ్ ఇద్దరూ ఇళ్ళ చెత్తకూ మలానికీ ఈ పద్ధతిని ఎలా వర్తింపజేయాలో ఒక బులెటిన్‌లో వివరించారు. మధ్యభారతంలోని సంస్థానాల పట్టణాలు కొన్ని దాన్ని అనుసరించాయి. హిందీ సాహిత్య సమ్మేళనం కోసం 1935 ఏప్రిల్‌లో ఇందోర్ వెళ్ళిన గాంధీ ఆ సంస్థను చూసి, ఆ కంపోస్టు విధానాన్ని 'హరిజన్' పాఠకులకు పరిచయం చేశారు.

ఇందోర్ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. తిరగవెయ్యాలి. పశువుల పేడ కుప్పను తిరగవెయ్యడం వేరు, మలం కలిసిన కుప్పను తిరగవెయ్యడం వేరు. 1939లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి. ఎన్. ఆచార్య దానికి విరుగుడు కనుక్కున్నారు. 90 సెంటీమీటర్ల లోతు కందకంలో అడుగున 15 సెంటీమీటర్ల చెత్త, దానిమీద 5 సెంటీమీటర్ల మలం, మళ్ళీ చెత్త, మళ్ళీ మలం. నేలకు ఒక అడుగు ఎత్తు వచ్చాక పైన మందంగా చెత్త పరిచి మట్టితో మూసెయ్యాలి. వారం తిరక్కుండానే లోపల వేడి 60 డిగ్రీలు దాటి రెండు మూడు వారాలు అలాగే నిలుస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల తరువాత తవ్వితే వాసన లేని నల్లటి ఎరువు. మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మురుగు కాలువలు లేని, లక్షలోపు జనాభా ఉన్న మునిసిపాలిటీలకు ఈ 'బెంగళూరు పద్ధతి'ని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వ సంఘం సిఫారసు చేసింది. మన వైద్య విద్యార్థులు ఇప్పటికీ పాఠ్యపుస్తకాలలో దీన్ని చదువుకుంటారు.

కందకం మూసిన తరువాత ఎవరూ ముట్టుకోనక్కర్లేదన్న మాట నిజం. కందకం దాకా దాన్ని తెచ్చినవారి సంగతి పాఠ్యపుస్తకంలో ఉండదు. పాకీదొడ్ల నుంచి రేకుతో ఎత్తి, తట్టలో నింపి, నెత్తిన పెట్టుకుని ఊరి చివరికి మోసినవారు కొన్ని కులాల వారే, ఎక్కువమంది ఆడవాళ్ళు. ఎడోలో మలం మోసినవాడు దాన్ని తన పొలానికి కొనుక్కున్న రైతు. ఇక్కడ మోసినవారికి ఆ ఎరువు పడే పొలమే లేదు. బెంగళూరు కందకం ఎంత చక్కటి ఇంజనీరింగో, అది ఆనుకుని నిలబడ్డ వ్యవస్థ అంత అన్యాయమైనది.

రత్నగిరి జైలు గొడవ

కులానికీ పాకీ పనికీ మధ్య ఉన్న ఈ ముడి ఎంత గట్టిదో 1932 చివర్లో రత్నగిరి జైలులో బయటపడింది. కొంకణానికి చెందిన అప్పా పట్వర్ధన్ శాసనోల్లంఘన ఉద్యమంలో ఖైదీ. బ్రాహ్మణుడు. జైలులో పాయిఖానాలు శుభ్రం చేసే పని తనకు ఇమ్మని అడిగారు. ఆ పనిని 'అగ్రవర్ణ' ఖైదీలకు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమన్నారు అధికారులు. ఆయన తిండి తగ్గించుకుని నిరసనకు దిగారు. ఎరవాడ జైలులో ఉన్న గాంధీకి ఆ వార్త అందింది. డిసెంబరు 3న ఆయన కూడా సంఘీభావంగా ఉపవాసం మొదలుపెట్టి, విషయం పరిశీలిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చాక మర్నాడు విరమించారు. ఒక మనిషి తన ఇష్టంతో మలం ఎత్తడానికి కూడా సర్కారు అనుమతి కావలసిన దేశం అది. కులాన్ని జైలు నిబంధనలు కూడా కాపాడేవి.

పట్వర్ధన్ తరువాతి కాలంలో కణకవలిలో గోపురి ఆశ్రమం స్థాపించి, ఆకులూ మట్టీ కప్పుతూ మలాన్ని అక్కడికక్కడే ఎరువుగా మార్చే మరుగుదొడ్డి నమూనా తయారుచేశారు. దానికి గోపురి పాయిఖానా అని పేరు వచ్చింది. ఎత్తేవాడి అవసరమే లేకుండా చెయ్యాలన్నది ఆయన పట్టుదల.

అంబేద్కర్ దృష్టి వేరు. 1945లో అచ్చైన తన పుస్తకంలో, పాకీ పనిని పవిత్ర సేవగా కీర్తించే ధోరణిని ఆయన నిశితంగా విమర్శించారు. ఆ పని చేసేవారిని గౌరవిస్తున్నామంటూ అదే పనిలో ఉంచెయ్యడం మోసమన్నది ఆయన వాదన సారాంశం. పెరటి కంపోస్టును మెచ్చుకునే ఏ వ్యాసమైనా ఈ విమర్శకు జవాబు చెప్పుకోవాలి. మలం బంగారమని పొగిడినంత మాత్రాన దాన్ని మోసేవారి నెత్తిమీద బరువు తగ్గదు.

వేడి, కాలం

స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాలలో శాస్త్రం తన వంతు పని ముగించింది. 1956లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం హెరాల్డ్ గోటాస్ కంపోస్టు మీద రాసిన గ్రంథం ఇందోర్, బెంగళూరు అనుభవాలను, ఇతర దేశాల ప్రయోగాలను ఒకచోట చేర్చింది. టైఫాయిడ్ క్రిమి 55 నుంచి 60 డిగ్రీల మధ్య అరగంటలో చస్తుంది. అన్నిటికంటే మొండిదైన ఏలికపాము గుడ్డు కూడా 50 డిగ్రీలు దాటితే గంటలోపు నశిస్తుంది. 1983లో రిచర్డ్ ఫీచెమ్, ఆయన సహచరులు ప్రపంచబ్యాంకు కోసం చేసిన అధ్యయనం ఇంకాస్త జాగ్రత్తగా లెక్క కట్టింది: కుప్ప అంతా 62 డిగ్రీలకు చేరితే ఒక గంట, 50 అయితే ఒక రోజు, 46 అయితే ఒక వారం ఉంచాలి.

వేడి లేనిచోట కాలమే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, వెచ్చని దేశాలలో ఎండిన మలాన్ని కొత్తది కలపకుండా ఏడాదికి పైగా కదపకుండా ఉంచాలి. చలి ప్రాంతాలలో ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు. బూడిదో సున్నమో వేసి క్షారగుణం పెంచితే ఆరు నెలలకు పైగా. మూత్రం సంగతి సులువు. ఒక కుటుంబం తన మూత్రాన్ని తన తోటకే వాడుకుంటే నిల్వ ఉంచక్కర్లేదు, కోతకు నెల ముందు ఆపేస్తే చాలు.

దీనివల్ల నేలకు దక్కేది ఎంత? ఆహారపు లెక్కల ఆధారంగా స్వీడన్ పరిశోధకులు వేసిన అంచనాలో భారతదేశంలో సగటు మనిషి ఏడాదికి 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరం విసర్జిస్తాడు. అందులో 2.3 కిలోల నత్రజని మూత్రంలోనే ఉంటుంది. మొత్తం నత్రజనిని లెక్కిస్తే మనిషికి ఆరు కిలోల యూరియా అన్నమాట. ఐదుగురున్న ఇంటి పెరటికి అది తక్కువేమీ కాదు. దేశపు ఎరువుల కొరతను మాత్రం అది తీర్చదు. మలంలోని అసలు విలువ నత్రజని కంటే సేంద్రియ పదార్థం, మట్టిని గుల్లబరిచే గుణం.

పెరటి ప్రయోగాలు

ఈ కొలతలు తెలిసిన కాలంలోనే మలం ఎరువు మళ్ళీ ఇంటి పెరటికి చేరింది. 1939లో స్వీడన్‌లోని టీరెసోలో రికార్డ్ లిండ్‌స్ట్రోమ్ తన ఇంటి కింద ఏటవాలు అడుగున్న పెద్ద గది కట్టించారు. మలమూత్రాలూ వంటింటి వ్యర్థాలూ అందులో పడి, ఏళ్ళ తరబడి మెల్లగా కిందికి జారుతూ మట్టిగా మారతాయి. ఆ నమూనాకు 1962లో పేటెంటు, తరువాత అమెరికాలోనూ మార్కెట్ దొరికాయి. 1950ల చివర ఉత్తర వియత్నాంలో రెండు గదుల మరుగుదొడ్లు ఊరూరా వచ్చాయి. ఒక గది నిండాక మూసేసి రెండోది వాడటం, మూత్రాన్ని పక్కకు మళ్ళించడం, ప్రతిసారీ బూడిద చల్లడం వాటి పద్ధతి. కాకపోతే పంట తొందరలో రైతులు గదిని గడువుకు ముందే తెరిచేవారు. ఆ తొందర రోగాన్ని తిరిగి పొలానికి తెచ్చేది.

1990లలో అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన జోసెఫ్ జెన్కిన్స్ దీన్ని ఇంకా సులువు చేశారు. ఒక బకెట్, వాడిన ప్రతిసారీ పైన రంపపు పొట్టు, నిండిన బకెట్లన్నీ పెరట్లో గడ్డి పరిచిన ఒక తొట్టెలోకి. ఏడాది నింపడం, ఏడాది వదిలెయ్యడం. మాస్టర్స్ డిగ్రీ కోసం రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఆయన 'ది హ్యూమన్యూర్ హ్యాండ్‌బుక్'గా మార్చి సొంతంగా అచ్చు వేసుకుంటే అది అనేక ముద్రణలు పొందింది. అందులోని శాస్త్రం హోవర్డ్‌దే. కొత్తదనం ఏమిటంటే, బకెట్ నింపినవాడే దాన్ని మొయ్యాలి, అతనే ఏడాది ఆగాలి, అతనే తోటకు చల్లుకోవాలి.

మనకు దగ్గరలో కేరళ తీరంలోని పుల్లువిళ అనే జాలరుల పల్లెలో 1990ల మధ్య పాల్ కాల్వర్ట్ అనే బ్రిటిష్ ఇంజనీరు రెండు గదుల మరుగుదొడ్లు కట్టించారు. అక్కడ నేలలో నీరు పైకే ఉంటుంది. మామూలు గుంత తవ్వితే బావులు చెడిపోతాయి. అందుకే గదులను నేలమీదే కట్టి, కడుక్కున్న నీళ్ళనూ మూత్రాన్నీ పక్కనున్న చిన్న మొక్కల మడిలోకి మళ్ళించారు. నీళ్ళతో కడుక్కునే అలవాటును మార్చమనకుండా, దానికి అనుగుణంగా నమూనాను మార్చారు. పాశ్చాత్య పొడి మరుగుదొడ్డి మన ఇళ్ళలో నిలవాలంటే ఆ పాఠం తప్పనిసరి.

చట్టం గీసిన గీత

1993లో పార్లమెంటు చేతులతో మలం ఎత్తే పనినీ పాకీదొడ్ల నిర్మాణాన్నీ నిషేధించింది. పారిశుద్ధ్యం రాష్ట్రాల అంశం కాబట్టి, రాజ్యాంగం 252వ అధికరణం కింద ఆరు రాష్ట్రాల శాసనసభలు కోరాక ఆ చట్టం వచ్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలు మాత్రం కాగితాల మీదే ఆగింది. కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్. ఆర్. శంకరన్ తదితరులతో కలిసి నిర్మించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లోని పాకీ పనివారి బతుకుల మీద గీతా రామస్వామి రాసిన 'ఇండియా స్టింకింగ్' 2005లో వెలువడింది. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది.

2013 చట్టంలోని నిర్వచనాన్ని మన వ్యాసం దృష్టితో చదవాలి. మలం పూర్తిగా కుళ్ళి మట్టిగా మారకముందు దాన్ని చేతులతో ఎత్తించడమే నేరం. అంటే మౌల్ పాస్టరు తోటలో మూడు నాలుగు వారాలకు తవ్వి చూసినది, హోవర్డ్ థర్మామీటరుతో కొలిచినది, ఆచార్య కందకంలో మూసి ఆరు నెలలు ఆగినది ఇప్పుడు చట్టపు గీత అయింది. గీతకు అటువైపు నేరం, ఇటువైపు ఎరువు. రెండింటి మధ్య దూరం కాలంతో కొలిచేదే.

ఆ గీత మీదే స్వచ్ఛ భారత్ కాలంలో రెండు గుంతల మరుగుదొడ్డి నిలబడింది. 1970లో బీహారులో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన సులభ్ సంస్థ ఈ నమూనాను దేశమంతా వ్యాప్తి చేసింది. ఒక గుంత కొన్నేళ్ళకు నిండుతుంది. అప్పుడు రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు వదిలేస్తే లోపలిది పొడి ఎరువు అవుతుంది. 2017 ఫిబ్రవరి 18న వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇరవైకి పైగా రాష్ట్రాల అధికారులతో కలిసి అలాంటి గుంతలోకి దిగి ఎరువు తోడారు. ఆ నెలలోనే ప్రధాని రేడియో ప్రసంగంలో దాని ప్రస్తావన వచ్చింది. ప్రచారం పాలు అందులో ఉన్నా, ఆ దృశ్యానికి చారిత్రక అర్థం ఉంది. రత్నగిరి జైలులో పట్వర్ధన్‌కు సర్కారు ఇవ్వనన్న పనిని, ఎనభై నాలుగేళ్ళ తరువాత సర్కారు ఉన్నతాధికారే చేసి చూపించారు. తేడా ఏమిటంటే, అప్పటి పాయిఖానాలో ఉన్నది మలం, ఈ గుంతలో ఉన్నది మట్టి.

దూరమైతే చెడేది

చివరిగా దూరం సంగతి. కింగ్ పనిచేసిన విస్కాన్సిన్ రాష్ట్రంలోనే ఉన్న మిల్వాకీ నగరం 1926 నుంచి మురుగు శుద్ధిలో మిగిలే మడ్డిని ఆరబెట్టి 'మిలోర్గనైట్' పేరుతో ఇంటి తోటలకు అమ్ముతోంది. వందేళ్ళుగా అది ఇళ్ళ ముందు పచ్చికలకు పడుతోంది. 1993లో అమెరికా పర్యావరణ సంస్థ అలాంటి మడ్డికి వేడి, క్రిములు, భారలోహాల పరిమితులు నిర్ణయించింది. అయినా నగరపు మురుగులో ఇంటి మలంతోపాటు ఫ్యాక్టరీల రసాయనాలూ కలుస్తాయి. అవి వేడికి చావవు, కాలానికి కుళ్ళవు. 2022లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పీఫాస్ అనే అలాంటి రసాయనాల భయంతో మురుగు మడ్డిని పొలాలకు వెయ్యడాన్నే నిషేధించింది. లండన్ సొరంగం ఎంచుకున్న దూరానికి ఇది ఆలస్యంగా పడిన వడ్డీ. ఇంటి గుంతలో ఏం పడిందో ఇంటివారికి తెలుసు, నగరపు సొరంగంలో ఏం పడిందో ఎవరికీ తెలియదు.

మన పట్టణాల ఇళ్ళ కింద ఉన్నవి ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులు. వాటిలోది కుళ్ళి ఎరువు కాదు. నీళ్ళలో మగ్గిన మడ్డిగా పేరుకుంటుంది. దాన్ని పెరటికి వాడాలన్న ఆలోచనే ప్రమాదం. అక్కడ యంత్రంతో తోడి, శుద్ధి కేంద్రానికి చేర్చి, వేడో కాలమో పని చేశాకే పొలానికి పంపాలి. పెరడు, పాతుకున్న చెట్లు, గుంతకు చోటు ఉన్న పల్లె ఇంటికి మాత్రం మౌల్ నుంచి గంగదేవిపల్లి దాకా వచ్చిన దారి తెరిచే ఉంది. అక్కడ కూడా కొబ్బరి, అరటి, పూలమొక్కల మొదళ్ళకు వెయ్యడం మేలు. ఆకుకూరలకూ దుంపలకూ వెయ్యకపోవడం క్షేమం.

ఈ నూటఅరవై ఏళ్ళ చరిత్రను కలిపి చూస్తే, పద్ధతి విఫలమైన చోట్ల కారణం ఆగకపోవడమో, ఆ భారాన్ని ఇంకొకరి మీదికి నెట్టడమో. వియత్నాం రైతు పంట తొందరలో గదిని ముందే తెరిచాడు, మన మునిసిపాలిటీలు కందకం దాకా మోసే భారాన్ని కొన్ని కులాల నెత్తిన పెట్టాయి. ఆగే ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదు. ఒకే గుంత ఉన్న ఇల్లు, అది నిండిన రోజున ఆ ఖర్చును లోపలికి దిగే మనిషికి బదలాయిస్తుంది. రెండో గుంత తవ్వించుకున్న ఇల్లు దాన్ని తానే కట్టుకుంటుంది. పెరటి ఎరువు గురించి మాట్లాడేటప్పుడు దిగుబడి లెక్క కంటే ముందు అడగవలసింది అదే: ఆ ఇంట్లో గుంతలు ఒకటా, రెండా?